పెంటకుప్ప మీదికెల్లి తెచ్చిన పిల్లికూన

నువ్వు డ్యూటీ దిగి వచ్చేసరికి నేనుండ. అక్కకు నొప్పులొస్తున్నయని మనిషొచ్చిండు, లక్సెట్టిపేట పోతున్న.

పిల్లికూన పొయ్యికాడ గంపల ఉన్నది. మేకపాలు గోరువెచ్చగ చేసి, దూది ముంచి, చుక్క చుక్క నోట్లె పిండు. గిన్నె ముందట పెట్టి "తాగితె తాగుతది" అని బీడీ ముట్టిచ్చుకుంటె కాదు. దానికింకా తల నిలుస్తలేదు.

నువ్వైతే సచ్చిందని పెంటకుప్ప మీద పారేసి, చేతులు కడుక్కోని బువ్వ తిన్నవు. పానమున్నదో పోయిందో తెల్వనోనివి, బొగ్గుబాయిల గంతమంది మీద సర్దారు ఎట్లయినవో. నేను తెచ్చి కొంగుల చుట్టి వెచ్చజేస్తుంటె, "మా ఇంటిది పిల్లులకు మంత్రసాని" అని నీ దోస్తుల ముందట నవ్వినవు. ఆళ్లూ నవ్విండ్రు, నీ అసొంటోళ్లే కదా. గిప్పుడు ఆ సచ్చిన కూననే కండ్లు తెరిచింది. పొద్దుగాల నా ఏలు కరిచింది.

బువ్వ ఉట్టి మీదున్నది. ముందు దానికి పాలు పట్టి, తర్వాత నువ్వు తిను.

ఇంకోటి. నిన్న నేను నీళ్లకు పోయిననుకోని దానికి నీ తువ్వాల కప్పినవు. తలుపు సందుకెల్లి చూసిన. గంతమాత్రానికే నిన్ను మంచోడంటననుకోకు. తువ్వాల మాత్రం తియ్యకు, అది దాంట్లనే మంచిగ పండుకుంటది.