నలభై ఒకటో ఇంటి బియ్యం

షాద్‌నగర్,
12 నవంబరు 2024

ప్రేమగల అమ్మకు,

ఫోన్ ఉండగా ఈ పిల్లకు ఉత్తరాల పిచ్చేమిటని నవ్వుకుంటున్నావు కదా? ఫోన్‌లో అయితే నేను అసలు మాట ఎత్తగానే నీకు పొయ్యి మీద పాలు పొంగుతాయి, లేకపోతే వాకిట్లో ఎవరో పిలుస్తారు. ఉత్తరంతో ఆ బాధ లేదు. చివరిదాకా చదవాల్సిందే.

ఈ నెల ఇరవై నాలుగున కట్టంగూరులో మా అత్తమ్మ వాళ్ల చర్చిలో కోత పండుగ. వరి కోతలయ్యాక దేవునికి కృతజ్ఞత చెప్పి, ఊళ్లో వాళ్ల ఇండ్లన్నీ కలిసి వండుకుని తినే పండుగ అది. పెళ్లయ్యాక ఆరు కోత పండుగలకూ నిన్ను పిలిచాను. ఆరుసార్లూ "మీ బాపు ఒప్పుకోడు బిడ్డా" అన్నావు. ఈసారి పిలవడం లేదు. ఇకముందు కూడా పిలవను. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కోపంతో రాయడం లేదు. అలసిపోయి రాస్తున్నాను. గ్లోరీ పుట్టిన ఇరవై ఒకటో రోజున నువ్వు కట్టంగూరు వచ్చావు, గుర్తుందా? నీ నీళ్ల సీసా నువ్వే తెచ్చుకున్నావు. మా అత్తమ్మ పుల్లమ్మ సంబరంగా చాయ్ పట్టుకొస్తే "ఉపవాసం" అన్నావు. ఆ రోజు బుధవారం. నీ ఉపవాసం శనివారమని నాకు తెలియదా అమ్మా? ఆమె మాత్రం "అయ్యో, గంత దూరం ఖాలీ కడుపుతోని వచ్చినవా వదినె, జర నిమ్మకాయ నీళ్లన్న తాగు" అని లోపలికి పరుగెత్తింది. ఆ నీళ్లూ నువ్వు ముట్టలేదు. ఆమె గ్లాసు పట్టుకుని నిలబడిపోతే, నేను పాపకు పాలిస్తున్నట్టు గోడవైపు తిరిగాను. తప్పంతా బాపుదేనని, ఆయన మాట దాటలేక నువ్వు నలిగిపోతున్నావని, అన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను.

అక్కడ మేమేం తింటామని కూడా నువ్వెప్పుడూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. పండుగకు వారం ముందే మా ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. బగారన్నంలోకి కోడికూర ఉండాలని మీ అల్లుడు జానీ. సొరకాయ, శనగపప్పు వేసి మాంసపు ఎముకలతో దాల్చా కాయకపోతే అది పండుగే కాదని అత్తమ్మ. గ్లోరీకి పరమాన్నం తప్ప ఏదీ అన్నం కిందికి రాదు. నేను మాత్రం ఎవరితోనూ వాదించకుండా నీ గుమ్మడికాయ పులుసు వండి తీసుకెళ్తాను. గిన్నె కడగాల్సిన పని లేకుండా ఊడ్చి పెడతారు. నీ వంట ప్రతి ఏడూ అక్కడికి వెళ్తుంది అమ్మా, నువ్వే వెళ్లవు.

నీ బిడ్డ,
మనీష


షాద్‌నగర్,
26 నవంబరు 2024

అమ్మా,

ఇక పిలవనని రాసి రెండు వారాలే అయింది, మళ్లీ రాస్తున్నాను. పంతం నిలుపుకోవడం చేతకాదని వెక్కిరించు, పడతాను. కానీ మొన్న ఆదివారం నేను చూసింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కోత పండుగ అన్నం ఎలా వండుతారో ముందు చెప్పాలి. నలభై ఇండ్లు, ఇంటికో మానెడు బియ్యం. ఎవరింట్లో ఏవి ఉంటే అవే తెస్తారు. రేషన్ దొడ్డుబియ్యం, నిరుటి సన్నబియ్యం, మొన్న పట్టించిన కొత్తబియ్యం. అన్నీ ఒకే కాగులో ఉడకాలి. వేరువేరుగా వండితే నీ అన్నం, నా అన్నం అయిపోతుందని వాళ్ల పట్టింపు. కానీ అన్ని రకాల బియ్యం ఒకేసారి పోస్తే ఒకటి సంకటవుతుంది, ఇంకొకటి పలుకుగా మిగులుతుంది. అందుకే ముప్పై ఏళ్లుగా ఆ కాగు దగ్గర పుల్లమ్మత్త తప్ప ఎవరూ నిలబడలేదు. ఆమె ప్రతి ఇంటి బియ్యాన్నీ గుప్పిట్లోకి తీసుకుంటుంది, ఒక గింజ కొరుకుతుంది, మూడు కుప్పల్లో ఏదో ఒకదాంట్లో పోస్తుంది. ఎసరు కాగాక దొడ్డువి ముందు, పాతవి తరువాత, కొత్తవి చివర. మధ్యలో ఎంతసేపు ఆగాలో గడియారం చూడదు. కీర్తన అందుకుంటుంది. రెండు చరణాలు అయ్యాయంటే రెండో కుప్ప పడాలి. ఆమెకు చెవులు సరిగా వినపడవు కాబట్టి ఆ కీర్తన రాగంలో ఉండదు, కానీ అన్నం మాత్రం ఏనాడూ తప్పలేదట.

ఈసారి తప్పింది. తప్పించింది నీ కూతురే. అత్తమ్మ కట్టెలు చూసి వస్తానని పక్కకు వెళ్లింది. ఎసరు కళపెళా మరుగుతోంది. సాయం చేద్దామనుకుని మూడు కుప్పలూ ఒకే గంపలోకి ఎత్తి, ఎసట్లో పోసేశాను. మన ఇంట్లో ఒకే పొలం బియ్యం, ఒకే రకం అన్నం తిని పెరిగినదాన్ని, ఇన్నేళ్లూ అక్కడ కూరల పొయ్యి దగ్గరే ఉన్నదాన్ని, నాకేం తెలుసు? చుట్టూ ఉన్న ఆడవాళ్లు "అయ్యయ్యో" అన్నాక గానీ నేను చేసిందేమిటో నాకు అర్థం కాలేదు. రెండు వందల మంది తినే అన్నం అది!

అత్తమ్మ పరుగున వచ్చి కాగులోకి చూసింది. నన్ను తిట్టలేదు. గోడవార ఉన్న చిన్న మూటవైపు చూసి "గా మూట గూడ పోసినవా?" అని అడిగింది.

"పొయ్యలేదత్తమ్మా. అది మిగిలిందనుకున్నా."

"మిగులుడేంది? గది గూడ పొయ్యి, జల్ది."

మూట విప్పాను. తెల్లగా మెరిసే సన్నబియ్యం, ఒక్క రాయి లేదు, ఒక్క నూక లేదు. అంత మంచి బియ్యం ఆ కుప్పల్లో ఎక్కడా చూడలేదు. నలభై ఇండ్లవీ లెక్కకు వచ్చాయి కదా, ఇవి ఎవరివి అని అడిగాను. ఆమెకు వినపడలేదు. గట్టిగా అరిచాను. నేను అరిస్తే ఆమె నాకంటే గట్టిగా జవాబు చెప్పింది. వాకిలంతా విన్నది.

"మీ తల్లిగారింటివి!"

అమ్మా, నా చేతిలో మూట అలాగే ఉండిపోయింది. ఆరేళ్లుగా పోస్తున్నదట. తన ఇంటి పేరున రేషన్ బియ్యం వేసి, మన ఇంటి పేరున సన్నబియ్యం. నాట్లకు పోయిన చోట ఒక ఆసామి దగ్గర అడిగి తెచ్చుకుని, మాపటేళ అరుగు మీద కూర్చుని రాళ్లు ఏరుతుందట. నాకు ఒక్కసారీ చెప్పలేదు. "వాళ్లు సన్నయి తింటరు గద, దొడ్డుయి వేస్తె ఎట్ల?" అన్నది, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు.

"మా అమ్మ నీ ఇంట్లో నీళ్లు కూడా తాగలేదు కదా అత్తమ్మా, నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? మస్తు వచ్చింది. ఉపవాసమున్నోళ్ల మొఖం నాకు తెల్వదా? గని కోపంతోని కాగు ముందట నిలవడరాదు బిడ్డ. ఇయ్యాల కాకుంటె ఏదో ఒక యేడు వస్తరు. వచ్చిన్నాడు, గీ అన్నంల మా బియ్యం లేవాయె అని చిన్నబోవద్దు గద."

ఇంత మనిషితో ఒకే ఇంట్లో అన్ని పండుగలు గడిపాను, నాకు ఆమె తెలియనే తెలియదు. ఆమె పొడవు నా భుజం దాకే వస్తుంది. ఆ క్షణాన ఆమెను తలెత్తి చూడాలనిపించింది. చిన్నప్పుడు తొలిసారి సాగర్ డ్యాం గేట్లు ఎత్తడం చూసినప్పుడు నీ కొంగు పట్టుకున్నానే, అదిగో, అలాగే నిలబడ్డాను.

అన్నం సంగతంటావా? మంట తీసేసి, మూత చుట్టూ తడిబట్ట చుట్టి, పైన నిప్పులు పోసి మగ్గబెట్టింది. పూర్తిగా కుదరలేదు. అక్కడక్కడా పలుకు తగిలింది. "పానగల్ కోడలు దంతాలకు పరీక్ష పెట్టింది" అని, మన ఊరి పేరు పెట్టి మరీ వరుసైనవాళ్లంతా ఆటపట్టించారు. ఒక్కరూ విస్తట్లో మెతుకు వదల్లేదు.

నేను పిలవనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె ముందు అది చాలా చిన్నమాట. "బాపు ఒప్పుకోడు" అని నువ్వు ఆరుసార్లు చెప్పావు. ఒక్కసారి ధైర్యం చేసి ఈ ఉత్తరం బాపుకు చదివి వినిపించమ్మా. విన్నాక కూడా ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం.

నీ
మనీష


పానగల్,
11 డిసెంబరు 2024

చిరంజీవి మనీషకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ మొదటి ఉత్తరం నేనే చదివి బట్టల కింద దాచాను. రెండోది వచ్చేనాటికి నా కుడికంటికి ఆపరేషన్ అయ్యి పట్టీ ఉంది. చెబితే ఉద్యోగం వదిలి పరుగెత్తుకొస్తావని చెప్పలేదు. బాపుకు చదివి వినిపించమని రాశావు. మీ బాపే నాకు చదివి వినిపించాడు.

వద్దు, తరువాత చూద్దామని అన్నాను. ఆయన వినలేదు. బియ్యం కుప్పల దగ్గర "మంచి పనిమంతురాలే గీమె" అని మెచ్చుకున్నాడు. నువ్వు కాగులో పోసిన దగ్గర నవ్వాడు. మీ తల్లిగారింటివి అన్న దగ్గర ఉత్తరం పక్కన పెట్టి నీళ్లు తాగాడు. చివరికి వచ్చి ఆగిపోయాడు. "బాపు ఒప్పుకోడు" అన్న ఆ ఒక్క వాక్యం లోలోపల రెండుసార్లు చదువుకున్నాడు.

"నేనెప్పుడన్ననే గా మాట?" అన్నాడు.

బిడ్డా, ఆయన ఎప్పుడూ అనలేదు. నేనే అన్నాను. మొదటి ఏడు నువ్వు పిలిచినప్పుడు ఆయనకు అసలు చెప్పనే లేదు. "పిల్ల కబురేమన్న చేసిందా?" అని అడిగితే, వాళ్లు మనల్ని పిలవరు, వాళ్లకు మన మీద కోపం అన్నాను. నీకు ఆయన అడ్డమని చెప్పాను, ఆయనకు మీరు వద్దన్నారని చెప్పాను. ఆరేళ్లు మీ ఇద్దరి మధ్య గోడ కట్టుకుని నేను చల్లగా కూర్చున్నాను.

చుట్టాలేమంటారోనని భయం ఉన్న మాట నిజమే. కానీ అది సగమే. మిగతా సగం నేనే. మా అమ్మ నాట్లకు వచ్చినవాళ్ల దోసిట్లో ఎత్తు నుంచి నీళ్లు పోస్తుంటే చూస్తూ పెరిగాను. మీ అత్తమ్మ గ్లాసు అందిస్తే నా చెయ్యి లేవలేదు. మంచిదని తెలుసు, శుభ్రంగా ఉందని తెలుసు, అయినా లేవలేదు. ఆమె నా ముఖం చూసి తెలుసుకుని కూడా నా పేరున బియ్యం ఏరుతూ కూర్చున్నది. నేను పూజలు చేశాను, ఉపవాసాలున్నాను. ఇంత పని మాత్రం ఎన్నడూ చేయలేదు.

మీ బాపు మూడు రోజులు పొద్దంతా పొలం దగ్గరే ఉన్నాడు. నాలుగో రోజు "నా బిడ్డ కండ్లల్ల నన్ను గట్ల నిలవెట్టినవా సావిత్రమ్మా" అన్నాడు. ఆ ఒక్కమాటే. తిట్టినా బాగుండేది.

నిన్న కొత్త అద్దాలు వచ్చాయి. మొదట రాస్తున్నది నీకే. మళ్లీ కోత పండుగ దాకా ఆగలేను. వచ్చే ఆదివారం మీరందరూ కట్టంగూరులో ఉంటారు కదా, మేమిద్దరం పొద్దున బస్సుకు వస్తాం. మీ అత్తమ్మను ప్రత్యేకంగా ఏమీ వండవద్దను. రోజూ ఏం తింటారో అదే చాలు. జరిగినదానికి ఆమెకు ఎలా చెప్పుకోవాలో నాకు తెలియదు. ఆమెకు వినపడదంటున్నావు, అరిచి చెప్పాలంటే వాడకట్టంతా వింటుంది. విననీ.

ఒక్కటే అడుగుతున్నాను బిడ్డా. మొదటి ముద్ద నాకు కష్టం కావచ్చు. అరవై ఏళ్ల చెయ్యి కదా. అప్పుడు నా ముఖం వైపు చూడకు. నా పక్కన కూర్చుని నువ్వు తింటూ ఉండు, నేను తింటాను.

మీ అమ్మ,
సావిత్రమ్మ