ఉప్పుడుపిండి వద్దన్న గిరాకీలు

శ్రావణ శనివారం, 1962. పోచంపల్లి.

నోరు తెరిస్తే మాట తూలుతానని కలం పట్టాను. మా తమ్ముడి కొడుకు యాదగిరికి మూడు ఊళ్లలో హోటళ్లు. ఇక్కడ ప్రతి శనివారం సాయంత్రం ఒక్కపొద్దు విడిచే నేతవాళ్ల కోసం నేను ఉల్లి లేని ఉప్పుడుపిండి చేస్తాను. అది ఉంచాలా, తీసేయాలా అని ఈ పొద్దున వాడు గిరాకీలను అడిగాడు.

"గా ముసలోళ్ల పిండి ఎవలు తింటరే! ఉల్లిగడ్డ పకోడీలు పెట్టు," అన్నాడు బస్సు దిగినవాడొకడు, పళ్లు కుట్టుకుంటూ. మిగతా గొర్రెలన్నీ తలలూపాయి. నాలుక తప్ప వేరే దేవుడు లేని జనం.

"సూసినవా అత్తా, అందరు గదే అంటున్నరు."

"ఒక్కపొద్దున్నోళ్లు పొద్దుగాల హోటల్‌కు వస్తరా బిడ్డా? నువ్వు అడిగింది ఉపాసం లేనోళ్లను."

వాడు వినలేదు. పకోడీలు వేయించాడు.

దీపాల వేళ నేతవాళ్లు స్నానాలు చేసి, నామాలు పెట్టుకుని వచ్చారు. ఉల్లి వాసనకు గడపలోనే ఆగిపోయారు.

"ఫికర్ జెయ్యకక్కా, ఇంట్ల బెల్లం ముక్కుంది," అని ముసలి నర్సయ్య వెనక్కి తిరిగాడు. భార్య పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లే లేరు.

వచ్చే శనివారం మా ఇంట్లోనే వండి పిలవనా? పరువు తీశానని యాదగిరి అలిగితే...

ఈ కాగితాలు నా పెట్టెలోనే ఉండాలి, ఎవరికీ చూపకూడదు. యాదగిరి చూస్తే వీటిని కూడా గిరాకీలకు చదివి, ఎట్లున్నయని అడుగుతాడు.