ఎర్రక్షరాల వెబ్‌సైటు

నాంపల్లి,
జనవరి 6, 2003.

వామన్‌రావు గారికి,

నమస్కారాలు. మా కార్యక్రమం వెబ్‌సైటును కొత్తగా తీర్చిదిద్దే పని మీ ప్రెస్సుకే వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నా పేరు తబిత, ఇక్కడ సమాచార అధికారిని. మీరు ఆబిడ్స్‌లో, నేను నాంపల్లిలో. నడిస్తే ఎంతో దూరం లేదు. అయినా ఉత్తరమే ఎందుకంటే, పని అప్పగించాక మీతో ఫోనులో మాట్లాడకూడదని, ఎదురుగా కలవకూడదని, ప్రతి మాటా కాగితం మీదే ఉండాలని మాకు నిధులిచ్చే దేశాల షరతు. అవినీతి జరగకుండానట. నిన్న మీ బోర్డు కిందనుంచే నడిచి వెళ్ళాను, తలెత్తి చూడకుండా.

నాలుగు దేశాలు, మూడు ప్రభుత్వ శాఖలు కలిసి మెట్టప్రాంతపు ఊళ్ళలో నడిపే కార్యక్రమం మాది. ఇప్పుడున్న వెబ్‌సైటు తెరిస్తే ముందు ఎవరు ఎవరి కింద పనిచేస్తారో చూపే బొమ్మ వస్తుంది. నేలమీద ఒలికిన సేమ్యాలా ఉంటుంది. ఇది ఎవరికోసమో వాళ్ళకు అర్థమయ్యేలా, తెలుగులో, కొత్తది కావాలి. పేజీల్లో వేయాల్సిన విషయమూ, షరతుల కాగితమూ దీనితో జతచేశాను. ఫిబ్రవరి చివర విదేశాలనుంచి సమీక్ష బృందం వస్తోంది. వాళ్ళకు నచ్చకపోతే మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుందని మా డైరెక్టరు రాధాకృష్ణమూర్తి గారు చెప్పారు. నవ్వుతూనే చెప్పారు. ఆ నవ్వుకు అర్థమేమిటో ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇట్లు,
తబిత

తా.క. ధరల కాగితంలో "ఎన్ని కాపీలు?" అని అడిగారు. ఒక్కటే. లోకమంతా ఆ ఒక్కటే చూస్తుంది.


ఆబిడ్స్,
జనవరి 20.

తబిత మేడం గారికి,

వామన్‌రావు నమస్కరించి రాయునది. మీ ఉత్తరం ముట్టింది. ఒక్కటే కాపీ అంటే మా ఇంటామె నళిని నమ్ముతలేదు. "ఒక్క కాపీకి గింత పనా? మేడం ఏదో పరేషాన్ల రాసినట్టుంది, మళ్ళొకసారి అడుగు" అంటున్నది.

మాది ముప్పై ఏండ్ల సంది పెండ్లికార్డుల ప్రెస్సు. కంప్యూటర్లు మా మేనకోడలు సంహిత చూసుకుంటది. మొదటి పేజీల నాలుగు దేశాలవి, మూడు శాఖలవి కలిపి ఏడు ముద్రలు పెట్టాలన్నరు. వీళ్ళల్ల ఆడపెండ్లివారు ఎవరు, మగపెండ్లివారు ఎవరు? ఎవరి పేరు పైన ఉండాల్నో ఇప్పుడే తేల్చకుంటే పందిట్ల లొల్లి అయితది, చెప్తున్న.

ఇంకో మాట. మీరు పంపినది రెండుసార్లు చదివిన, మీరేం చేస్తరో తెల్వలే. "సమీకృత సహభాగి సుస్థిర జీవనోపాధుల సాధికారత" అని ఉన్నది. సంహిత గూడ చదివి, "మామా, వీళ్ళు బోర్లు ఏస్తరా, బర్రెలిస్తరా?" అన్నది. జర చెప్పున్రి.

అన్ని పేజీల ప్రూఫులు కాగితం మీద తీసి దీంతోనే పెట్టిన. దిద్ది, పేజీ పేజీకి సంతకం పెట్టి పంపున్రి.

ఇట్లు,
వామన్‌రావు

తా.క. అడుగున విందు ఎక్కడో, ఎన్ని గంటలకో లేదు. కావాలనే వదిలిపెట్టిన్రా?


నాంపల్లి,
ఫిబ్రవరి 3.

వామన్‌రావు గారికి,

నమస్కారాలు. సంహిత అడిగిన రెండూ నిజమే. బోర్లూ వేస్తాం, బర్రెలూ ఇస్తాం. కానీ అలా రాస్తే ఏ దేశమూ ఒప్పుకోదు. ముద్రల కోసం మూడు సమావేశాలు పెట్టారు. వరసగా కాకుండా గుండ్రంగా అమర్చమన్నారు. గుండ్రానికి పైభాగం ఎవరిదని ఒక దేశం అడిగింది. కాబట్టి ఆ చక్రం ఎప్పుడూ తిరుగుతూ ఉండేలా చూడండి.

ప్రూఫులు కాగితం మీద పంపి మేలు చేశారు. తెరమీద నాకు తప్పులు కనబడవు. సోషియాలజీ ఎం.ఏ. చదివినప్పటినుంచీ ఒక దురలవాటు, ఏ వాక్యం చూసినా వెంటనే నమ్మబుద్ధి కాదు. చేతిలో ఎర్రపెన్ను ఉంటే అంచుల్లో ఏదో ఒకటి రాస్తూనే ఉంటాను. రాతలు ఎక్కువున్నాయని విసుక్కోకండి. అన్ని పేజీల్లోనూ సంతకం పెట్టాను.

ఇట్లు,
తబిత

తా.క. విందు లేదు. భోజనాలు సమీక్ష బృందానికి మాత్రమే.


ఆబిడ్స్,
ఫిబ్రవరి 12.

తబిత మేడం గారికి,

నమస్కారం. శుభవార్త. మీరు దిద్దిన ప్రకారం వెబ్‌సైటు నిన్న ఎక్కించినం. మీ చేతిరాత ఎర్రగున్నది గనక సంహిత అవన్ని ఎర్రక్షరాల్లనే పెట్టింది. దూరంకెళ్ళి గూడ మంచిగ కనపడుతున్నయి.

మా ప్రెస్సుల ఒక ఖాయిదా ఉన్నది. వెనకట ఒక పెండ్లికార్డు ప్రూఫు అంచుల "ప్రహ్లాద్ మామయ్య?" అని రాసిన్రు. మా కంపోజిటర్ అది ఉత్త సందేహమనుకొని వదిలేసిండు. కార్డుల పేరు లేదని ఆ మామయ్య అలిగి పెండ్లికి రాలే. పిల్ల తండ్రి వచ్చి మా దుకాణం ముంగట కూసున్నడు, లేవడు. ఆ దినం నుంచి పని ఇచ్చిన పార్టీ చేత్తోటి ఏం రాసి సంతకం పెడితే అది ఎక్కించుడే, మన తెలివి వాడుడు లేదు. సంహిత మాత్రం, "మామా, గిది గిట్లనే పెట్టాల్నా?" అని నాలుగుసార్లు అడిగింది. "చదువుకున్న మేడం సంతకం పెట్టింది, నీకెందుకే?" అన్న.

ఇట్లు,
వామన్‌రావు

తా.క. ఆరో పేజీల ఒక వాక్యం పక్కన "అబ్బా" అని రాసిన్రు. అది పెద్దక్షరాలా చిన్నక్షరాలా చెప్పలే. చిన్నవే పెట్టినం.


నాంపల్లి,
ఫిబ్రవరి 14.

వామన్‌రావు గారికి,

నమస్కారం రాసే స్థిమితం కూడా లేదు. మీ ఉత్తరం చదవగానే వీధి చివర ఇంటర్నెట్ కేఫ్‌కు పరుగెత్తాను. పక్క కుర్చీలో కుర్రాడు నా తెరకేసి చూసి నవ్వుతున్నాడు.

"మహిళల సాధికారత నలభై శాతం పెరిగింది" అని నల్లగా ఉంది. పక్కన ఎర్రగా: "దేంతో కొలిచారు? తరాజుతోనా, టేపుతోనా?"

"చెరువు పూడిక తీసి నీటితో నింపాం." ఎర్రగా: "నింపింది మనమా, వానా?"

"సమావేశంలో గ్రామస్తులందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు." ఎర్రగా: "ఫొటోలో వెనక వరసలో నిద్రపోతున్నాయన కూడానా?"

అయ్యా, అవి నాలో నేను అనుకున్నవి! పైకి అనే ధైర్యం లేకనే కదా అంచుల్లో రాసుకున్నది. ఒక్క ఎర్రక్షరం లేకుండా తీసేయండి. డైరెక్టరు గారు ఢిల్లీలో ఉన్నారు, సమీక్ష బృందాన్ని వెంటబెట్టుకుని వచ్చేవారం దిగుతారు. వాళ్ళు ఇది చూస్తే మార్చిదాకా కూడా నన్ను ఉంచరు.

తబిత

తా.క. ముందు "అబ్బా" తీసేయండి. మిగతావి తర్వాత.


ఆబిడ్స్,
ఫిబ్రవరి 17.

తబితమ్మ గారికి,

నమస్కారం. ఫికర్ చెయ్యకున్రి అని రాద్దామనుకున్న గాని చేతులు రాలే. మీరిచ్చిన షరతుల కాగితం తీసి చూసిన. సంతకమైన పేజీల ఏది మార్చాలన్నా డైరెక్టరు గారి సంతకం ఉండాలెనట. ఆయనేమో ఢిల్లీల. నామీద కేసయితదమ్మా. "అబ్బా" తీసుడు గూడ మార్పే.

అయితే ఒక వింత. వెబ్‌సైటుల చదివినోళ్ళు రాసే పేజీ ఒకటి పెట్టమన్నరు గద, పాతదాంట్ల ఎవరు రాయలే అన్నరు. గిప్పుడు మీ ఎర్రవాటికి జవాబులొస్తున్నయి. జోగిపేట బడిపంతులు గట్టయ్య సార్ రాసిండు: "ఫొటోల పండుకున్నది నేనే. రెండింటికి మీటింగు అని ఐదింటికి వచ్చిన్రు." సమ్మక్క అని మహిళా సంఘం ఆమె సంగారెడ్డి కేఫ్‌ల కొడుకుతోటి టైపు కొట్టిపిచ్చింది: "బర్రె మంచిగనే ఉన్నది. సాధికారత అంటే గదేనా?"

మీరు భయపడుతున్నరు గాని, సంహిత దినాం పొద్దుగాల ముందు గదే తెరిచి చదువుతున్నది.

ఇట్లు,
వామన్‌రావు

తా.క. నళిని గిప్పుడు నమ్మింది. "వెయ్యి కార్డులు కొట్టినా ఒక్కదాన్ని గింతమంది చదువంగ చూడలే" అంటున్నది.


నాంపల్లి,
మార్చి 1.

వామన్‌రావు గారికి, నళిని గారికి, సంహితకు,

నమస్కారాలు. ముందే చెప్పేస్తాను, ఉద్యోగం ఉంది. ఎలా ఉందన్నది రాస్తాను. నాకూ ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

సమావేశం గదిలో గోడమీద వెబ్‌సైటు వేశారు. దుభాషి షాలోమ్ నల్లక్షరాలు ఇంగ్లీషులోకి చెబుతుంటే బృందంలో ఇద్దరు ఆవలించారు. ఎర్రవాటి దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ నాయకురాలు, తల నెరిసిన ఆవిడ, కుర్చీ ముందుకు జరుపుకుంది. డైరెక్టరు గారు చెమట తుడుచుకుంటూ, "క్షమించాలి, ఇదంతా ప్రెస్సువాళ్ళ పొరపాటు. ఆ ప్రెస్సును ఇవాళే మార్చేస్తాం" అన్నారు.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపం రావడం సబబేనా అని ఆలోచించే లోపలే లేచి నిలబడి ఉన్నాను. "పొరపాటు కాదు సార్. ప్రశ్నలు నావి. కింద సంతకం కూడా నాదే" అన్నాను. "జవాబులు తెలుసా?" అని ఆవిడ అడిగింది. "తెలియవు. తెలిస్తే అడిగేదాన్నే కాదు" అన్నాను. ఇక ఇంటికే అనుకున్నాను.

ఆవిడ గోడమీది ఎర్రక్షరాల వైపు చెయ్యి చూపింది. ఇలాంటి వెబ్‌సైట్లు చాలా దేశాల్లో చూశానని, చివరిదాకా శ్రద్ధగా విన్నది దీన్నే అని చెప్పింది. తర్వాత ఉత్తర్వు వేసింది. ఎర్రక్షరాలు తీయమని కాదు. నల్లక్షరాలు తీసేయమని! ఎర్రవి అలాగే ఉంచాలట. ఊరూరా తిరిగి జవాబులు తెచ్చి, ఒక్కొక్కటే వాటి కింద రాయాలట, బర్రెను బర్రె అనే. ఆ తిరిగే పని నాది. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారు. డైరెక్టరు గారు వెంటనే, "నేను మొదటినుంచీ అంటున్నది ఇదే కదా!" అన్నారు. షాలోమ్ దాన్ని అనువదించలేదు.

సోమవారం పొద్దున జీపులో జోగిపేట వైపు బయలుదేరుతున్నాను. నిన్న ఆఫీసునుంచి ఇంటికి నడుస్తూ సంతోషంగా ఉన్నానా అని నన్ను నేను అడుక్కున్నాను. ఉన్నాననే అనిపించింది.

ఇట్లు,
తబిత

తా.క. నల్లక్షరాలన్నీ తీసేయడానికి డైరెక్టరు గారి సంతకంతో ఉత్తర్వు జతచేశాను. ఇకనుంచి ఎర్రప్రశ్నలకు నా సంతకం చాలని కూడా అందులో ఉంది. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు. ఒక చిక్కుంది. "డైరెక్టరు సందేశం" పేజీలో నేను ఒక్క ఎర్రక్షరమూ రాయలేదు, భయంతో. ఈ ఉత్తర్వు ప్రకారం అక్కడ ఆయన ఫొటో ఒక్కటే మిగులుతుంది. పాపం అనిపించింది. అందుకని ఆ పేజీ ప్రూఫు తీసి అంచులో ఒక ప్రశ్న రాసి, సంతకం పెట్టి పంపుతున్నాను. ఫొటో పక్కనే వేయండి: "సార్, సోమవారం జీపులో ఒక సీటు ఖాళీగా ఉంది. వస్తారా?"