చెయ్యి ఊపితే వెలిగే లైటు

అమ్మా,

ఎలా ఉన్నావ్? ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టాలి కదా. మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు చెరిపేశా. అందరం ఉన్నాం, అంతే. తప్పులుంటే సర్దుకుని చదువు. ఫోన్‌లోనే చెప్దామంటే నీ గొంతు వినగానే నాకు మాట రాదు, నీకు తెలుసుగా.

నువ్వడిగినవాటికి ముందు చెప్తా. తింటున్నా. పనికెళ్తున్నా, మేస్త్రి పెద్ద బిల్డింగ్‌లో వైరింగ్ చేయిస్తున్నాడు. అమ్మమ్మ విరిగిన తుంటికి ఆపరేషన్ చెయ్యరట, గుండె తట్టుకోదట. ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అన్నాడు డాక్టరు. ఆ మాటకి అర్థమేంటో అక్కకి అక్కడే తెలిసిపోయింది. నాకు మెట్లు దిగాక తెలిసింది.

అమ్మమ్మ జారిపడేలా బాత్రూమ్‌లో సబ్బు నీళ్ళు తుడవకుండా ఎవరు వదిలారు అన్నావ్. నేనే అయ్యుంటా అని అక్క ఒప్పేసుకుంది. నువ్వు తిట్టావ్. అప్పట్నుంచి కుట్టు మిషన్ మీద దుప్పటి కప్పేసింది. బట్టలడగడానికి ఎవరొచ్చినా తలుపు తియ్యట్లేదు.

అమ్మా, నేల తడిగా లేదు. ఆ రోజు అక్క పొద్దున్నే తుడిచింది, నేను చూశా.

మన బాత్రూమ్‌కి కిటికీ లేదు, స్విచ్చేమో బయట. అమ్మమ్మ లైటు వెయ్యకుండా లోపలికెళ్ళి “ఎవర్రా అక్కడ, లైటెయ్యండి” అని అరిచేది కదా. అందుకే మేస్త్రి దగ్గర మిగిలిపోయిన సెన్సార్ ఒకటి అడిగి తెచ్చి లోపలివైపు తలుపు పైన బిగించా. మనిషి కదిలితే వెలుగుతుంది. కదలకపోతే కాసేపటికి ఆరిపోతుంది. ఆ కాసేపు ఎంతో చెప్పడానికి దాని కింద చిన్న చక్రం ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. బిగించగానే బాగా తగ్గించి చూస్తాం, పని చేస్తోందో లేదో తొందరగా తెలియాలని. చూశాక పెంచాలి. మేస్త్రి రోజూ చెప్పే మాటే.

నేను పెంచలేదు. అమ్మమ్మ లోపలికీ బయటికీ నాలుగుసార్లు తిరిగి “నేనొస్తే చాలు వెలుగొచ్చేస్తోంది, మహారాణి బతుకురా నాది!” అంది. నేను పొంగిపోయి స్టూలు తీసి పక్కన పెట్టేశా.

రెండ్రోజులాగి “ఒరేయ్ కరెంటోడా, కాస్త కుదురుగా కూర్చుంటే నీ లైటు నేను లేననుకుంటోందిరా. బస్సు ఆపినట్టు చెయ్యి ఊపుతూ కూర్చోవాల్సొస్తోంది” అని ఊపి చూపించింది. అక్కా నేనూ పడీ పడీ నవ్వాం. ఆదివారం చూస్తాలే అమ్మమ్మా అన్నా. ఆదివారం పడుకున్నా.

సోమవారం మధ్యాహ్నం పడింది.

మనింట్లో తలుపు కింద సందులో వెలుగు కనిపిస్తే లోపల మనిషున్నట్టు. లేకపోతే లేనట్టు. అక్క రెండుసార్లు అటు చూసింది. చీకటి. పక్కింటికెళ్ళిందేమో అనుకుని మిషన్ తొక్కుకుంది. ఆ చప్పుడులో పిలుపు వినపడలేదు. రెండు గంటలు ఆ చీకట్లోనే పడుందమ్మా.

ఆస్పత్రిలో నన్నొక్కణ్ణే దగ్గరికి రమ్మంది. “లేస్తుంటే ఆరిపోయిందిరా. ఆసరాకి పట్టుకున్న కుళాయి వదిలేసి చెయ్యి ఊపాను. పడ్డాక కూడా ఊపాను. అది చూళ్ళేదు” అంది. ఎలా చూస్తుంది? నిలబడ్డ మనిషికి సరిపోయేట్టు పెట్టా. కింద పడ్డ మనిషి దానికి కనపడదు. నన్ను తిట్టలేదు. తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇదంతా అక్కకి చెప్పలేదు. చెప్దామని మిషన్ దాకా వెళ్ళి, సూది పెట్టె సర్ది వచ్చేశా. ఎనిమిది రోజులైంది. నువ్వు ఇది చదవగానే అక్కకి ఫోన్ చెయ్యి. నీ తప్పు కాదని చెప్పు. తమ్ముడి తప్పని చెప్పు. నాతో తర్వాత మాట్లాడు, మాట్లాడకపోయినా సరే.

నిన్న స్టూలెక్కి ఆ చక్రం తిప్పా. ఎక్కడం, తిప్పడం, దిగడం అన్నీ కలిపి ఒక నిమిషం పట్టలేదు.

అమ్మమ్మ మంచం ముందుగదిలో వేశాం. పగలు కూడా లైటు వేసే ఉంచుతున్నాం. అయినా ఉండుండి చెయ్యి పైకెత్తి మెల్లగా ఊపుతోంది. పిలుస్తోందనుకుని అక్క నీళ్ళు పట్టుకుని పరిగెడుతుంది. ఎందుకు ఊపుతోందో నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు.

ఇట్లు,
నీ కొడుకు,
అమ్మమ్మ కరెంటోడు