నువ్వు పంపిన చెయ్యి

అక్కా,

నువ్వు నాకు పంపిన చెయ్యి నీది కాదు. నన్ను మోసం చేశావు. ఫోటోలు పంపినప్పుడు ఒకసారి, ప్లాస్టిక్ నమూనా అందాక ఒకసారి, అసలు క్లచ్ లివర్ బండికి బిగించుకున్నాక "వెన్న నొక్కినట్టుందే" అని రాసినప్పుడు ఇంకోసారి. అందుకే ఎలా ఉన్నావని అడగను. ఎలా ఉన్నావో బావ చెప్పాడు. ఎడమ మణికట్టు వాచిందట, సాయంత్రానికి ఆ చేత్తో మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేకపోతున్నావట. ఇక్కడ నేను క్షేమమే. ఒంట్లో కోపం తప్ప వేరే జబ్బు లేదు.

ఫోన్ చేస్తే నవ్వేసి "తిన్నావా, పడుకున్నావా" అని మాట మార్చేస్తావు. కాగితం ముందు ఆ ఆటలు సాగవు. నాకు కందిరీగ అని పేరు పెట్టింది నువ్వే కదా, కుట్టించుకో. చివరిదాకా చదువు.

మొన్న మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. మీ ఆటో బండికి ఫిట్‌నెస్ పరీక్ష తేదీ ఇచ్చారట. ఇన్‌స్పెక్టరు నీ ఎడమవైపు హ్యాండిల్ చూసి, "ఈ గుడ్డపీలికలూ, ఈ తీగా పీకేసి క్లచ్ లివర్ పద్ధతిగా పెట్టుకుని రా, లేకపోతే నీ బండి రోడ్డెక్కదు" అన్నాడట. నేను నవ్వాను.

"గుడ్డపీలికలేంటి బావా, నేను చేసిన లివర్ ఏమైంది?"

అటువైపు బావ దగ్గడం మొదలుపెట్టాడు. బావ ఊరికే దగ్గితే ఏదో దాస్తున్నాడని లెక్క, ఈ మాట నువ్వు చెప్పిందే.

"పోనీ ఇది చెప్పు. అక్క చేతి ఫోటోలు నువ్వే తీశావా?"

"నేనా? నేను తీస్తే తలకాయలు తెగిపోతాయని మీ అక్క నన్ను ఫోన్ ముట్టుకోనివ్వదు కదమ్మా."

ఆ మాటతో నా బుర్ర వెలిగింది. ఆ ఫోటోలు చేతి చుట్టూ పూర్తిగా తిరిగి తీసినవి. ఎవరి చెయ్యి చుట్టూ వాళ్లే ఎలా తిరుగుతారు? బావ తీశాడనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

పోయిన ఉత్తరంలో అడిగావు, ఫోటో చూసి కొలత ఎలా తెలుస్తుందే అని. మా అక్కకు నా పనంటే ఎంత ఆసక్తో అని మురిసిపోయాను. ఎక్కడ దొరికిపోతావోనని అడిగావని ఇప్పుడు తెలిసింది. అయినా చెబుతాను, ఈ పని గురించి ఎవరు అడిగినా చెప్పకుండా ఉండలేను. బొటనవేలు కళ్లెదుట పెట్టుకుని ఒక కన్ను మూసి చూడు, తర్వాత రెండోది మూసి చూడు. వేలు పక్కకు గెంతుతుంది. వెనకాల గోడ కదిలినట్టే ఉండదు. దగ్గరున్నది ఎక్కువ గెంతుతుంది, దూరమున్నది తక్కువ. మొత్తం కిటుకు ఇంతే. ఒక వస్తువు చుట్టూ తిరుగుతూ బోలెడన్ని ఫోటోలు తీస్తే, ఒక ఫోటోలో ఉన్న చుక్క పక్క ఫోటోలో ఎంత జరిగిందో చూసి, అది ఎంత దూరంలో ఉందో ప్రోగ్రాము లెక్కగడుతుంది. అలాంటి చుక్కలు లక్షల్లో. చూస్తూ ఉండగానే వంపులతో, గుంటలతో, గీతలతో సహా తెరమీద ఆ వస్తువు లేచి నిలబడుతుంది. నాకిది ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. ఎన్నిసార్లు చూసినా ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దానికీ లోపాలున్నాయి. ఆకారం తెలుస్తుంది గానీ సైజు తెలియదు. ఏనుగైనా ఏనుగు బొమ్మైనా దానికి ఒకటే. అందుకే పక్కన పొడవు తెలిసిన పట్టీ ఒకటి పెట్టమన్నాను. మెరిసేవాటిని చూస్తే దానికి కళ్లు తిరుగుతాయి, అందుకే పాత లివర్‌కి పౌడరు రాయమన్నాను. నున్నటి చర్మం మీద దారి తప్పుతుంది, అందుకే చేతినిండా పెన్నుతో చుక్కలు పెట్టమన్నాను. నువ్వు అన్నీ చెప్పినట్టే చేశావు. పౌడరు రాస్తుంటే బావ వచ్చి, "బండికి సింగారమెందుకు, నాకు చెప్పకుండా ఎక్కడికి బయల్దేరుతోంది?" అన్నాడని రాశావు. ఆ ముక్క షాపులో అందరికీ చదివి వినిపించాను. ఫోటోలు కూడా ఎంత శుభ్రంగా తీశావు. వెలుగు సమంగా, ఒకదాని అంచు ఇంకోదాని మీద పడేలా, అడుగు తర్వాత అడుగు. మా షాపులో జీతాలకు చేసేవాళ్లకు కూడా అంత ఓపిక లేదు. తిడుతూ పొగుడుతున్నానని గర్వపడకు.

మా ఓనరు ఇంకా అరుస్తున్నాడా అని అడిగావు. ఆయన అరవకపోతే షాపు తెరవలేదేమో అనుకుని గిరాకీ వెనక్కి పోతుంది. దొరకని పార్టులు, మనిషికి తగ్గట్టు మార్చాల్సిన పార్టులు మా దగ్గరికి వస్తాయి కదా, వాటికి నేను ఫోన్ పట్టుకుని చుట్టూ తిరగడం మొదలుపెట్టినప్పుడు, "ఏమ్మా ఫోటోగ్రాఫరూ, పాస్‌పోర్టు సైజా, ఫుల్ సైజా?" అని రోజూ ఏడిపించేవాడు. ఆయనకు మందాలు కొలిచే ఆ ఇనప కాలిపర్ మీదే నమ్మకం. "మనిషి అరచేతి వంపును కాలిపర్‌తో ఎక్కడ పట్టుకోవాలి సార్?" అని అడిగాను. దానికీ అరిచాడు. చివరికి, ఇంట్లో మనిషి కోసం కాబట్టి మెషిను వాడుకో, ఊళ్లో వాళ్లందరికీ మొదలుపెట్టావో ఇంటికి పంపిస్తాను అన్నాడు.

అలా చేశాను ఆ లివర్. చూపుడు వేలు, మధ్య వేలు లేని చెయ్యి ఏ బలంతో లాగుతుందో, ఎక్కడ జారుతుందో తెరమీద తిప్పి తిప్పి చూసి, లివర్‌ని హ్యాండిల్ దగ్గరికి వంచాను. ఉన్న రెండు వేళ్లకీ చెరొక గుంట చెక్కాను. ముందు ప్లాస్టిక్‌లో ఒకటి తీసి పంపితే, "చిటికెన వేలి దగ్గర అంచు గుచ్చుకుంటోందే, ఆ కాస్తా గీరు" అని రాశావు. ఎవరి వేలికి గుచ్చుకుందో నీకు తెలుసు. నేను మాత్రం నీకే గుచ్చుకుందని విలవిల్లాడి, గీరి, మళ్లీ తీసి, మళ్లీ గీరి, చివరికి అల్యూమినియం దిమ్మలో కోసి, అంచులన్నీ చేత్తో నునుపు చేశాను. ఓనరు తన వేళ్లు రెండు మడుచుకుని, హ్యాండిల్ పట్టుకుని నొక్కి చూశాడు. "దీన్ని బండికి బిగించడం దేనికి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించు" అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త రాదు.

బావ ఫోన్ పెట్టేశాక ఆ ఫోటోలన్నీ మళ్లీ తెరిచాను. ప్రోగ్రాముకి నచ్చనివి ఉంటాయి, మసకగా వచ్చినవీ, వెలుగు మారినవీ. వాటిని పక్కన పడేస్తుంది. నువ్వు పంపినవాటిలో ఒక్కటే పడేసింది. అప్పట్లో నేను దాని మొహం చూడలేదు. కిటికీ పక్కన మీ బల్ల. బల్ల మీద తెల్లదుప్పటి. హ్యాండిల్‌కి బదులు పట్టుకోమన్న కర్రను పట్టుకుని ఉన్న చుక్కల చెయ్యి. సరిగ్గా అప్పుడే మబ్బు తొలగినట్టుంది, ఎండ పడింది. దుప్పటి మీద ఫోటో తీస్తున్న మనిషి నీడ ఉంది. ఫోన్‌ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న నీడ. అందులో ఎడమచేతికి రెండు వేళ్లు లేవు.

ఒకే ఫోటోలో రెండు ఎడమచేతులు అక్కా. రెండింటికీ పోయినవి అవే వేళ్లు.

మళ్లీ బావకు ఫోన్ చేశాను. "నన్ను ఇరికించకమ్మా" అంటూనే అంతా చెప్పేశాడు. నీళ్ల క్యాన్ల బండి తోలే ఆవిడట. నీ వేళ్లు పోయాక నువ్వు వదిలేసిన ఆ రేకులు కోసే ప్రెస్సు మీదే నీ తర్వాత పనికి నిలబడిందట. ఆ మెషిను ఎవరిని కరిచినా అవే వేళ్లు కొరుకుతుంది, దాని నోటి తీరు అది. నిన్ను కరిచాక కూడా దాని మూతికి అడ్డు బిగించని ఆ యజమానిని తిట్టడానికి ఈ కాగితం చాలదు. ఆవిడ ఫిట్‌నెస్ నీకన్నా ముందు. ఆ పరీక్ష పోతే బండి పోతుంది. అందుకని ఆవిడ చెయ్యి బల్ల మీద పెట్టించి, నువ్వే చుక్కలు పెట్టి, నువ్వే ఫోటోలు తీసి, నీ చెయ్యి అని నాకు పంపావు.

ఒక్కమాట అడగలేకపోయావా? బయటివాళ్లకు చేస్తే నా ఉద్యోగం పోతుందని భయపడ్డావని బావ అన్నాడు. నా ఉద్యోగం నేను చూసుకోలేనా? ఇన్నేళ్లొచ్చినా నన్ను చంకలోంచి దించవా?

అయితే నిజం కూడా రాయాలి. నువ్వు అడిగి ఉంటే, "ముందు నీది, తర్వాత చూద్దాం" అనేదాన్ని. ఆ తర్వాత అనేది ఎప్పటికీ వచ్చేది కాదు. చేసినా, ఎవరో పరాయి మనిషి వేలికి గుచ్చుకుంటోందంటే ఆ అంచు అన్నిసార్లు గీరేదాన్ని కాదు. ఆ లివర్ అంత బాగా రావడానికి కారణం అది మా అక్కది అనుకోవడమే. ఆ సంగతి నీకు ముందే తెలుసు. నా పనితనాన్ని ఎక్కడ నొక్కితే బయటికొస్తుందో సరిగ్గా అక్కడ నొక్కావు. ఏ ప్రోగ్రామూ మనిషిని అంత కచ్చితంగా కొలవలేదు. నువ్వు నన్ను అలా కొలిచి వాడుకున్నందుకు మండిపోతున్నాను. గుడ్డపీలికలు చుట్టిన లివర్ నొక్కుతూ, వాచిన చేత్తో, ఆవిడ పాసయ్యేదాకా నోరు మెదపకుండా బండి తోలిన దానివి, నిన్ను చూసి గర్వంగానూ ఉంది. రెండూ ఒకే గుండెలో పెట్టుకుని పని చెయ్యడం కష్టంగా ఉంది.

మొదటిసారి గేరు మార్చినప్పుడు ఆవిడ, "పోయిన చెయ్యి తిరిగొచ్చినట్టుంది" అందట కదా. బావ ఆ మాట చెప్పినప్పుడు నేను షాపు మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఇంకొకటి ఉంది. రాయకూడదనుకున్నాను. నీ చిటికెన వేలు పుట్టుకతోనే వంకర. బడికి వెళ్లేటప్పుడు నేను పట్టుకుని నడిచింది ఆ వేలే. కొక్కెంలా ఉండేది, ఎంత జనంలోనూ పట్టు జారేది కాదు. తెరమీద నేను వారాల తరబడి తిప్పిన చేతికి చిటికెన వేలు నిటారుగా ఉంది. దానికి సరిపడా నిటారు గుంట చెక్కాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకుంటాను, చుక్కలన్నీ చూశాను, కొలతలన్నీ చూశాను, అది నా అక్క చెయ్యి కాదని మాత్రం నాకు కనబడలేదు. చివరికి నీడను చూసి నిన్ను పోల్చుకున్నాను. నీ మీద కోపం అని మొదలుపెట్టిన దాంట్లో సగం నా మీద నాకున్న ఈ కోపమే. ఆ లివర్ ఇప్పుడు ఆవిడ నీకు తిరిగిచ్చినా నీ వేలు అందులో కూర్చోదు. నీ చేతికి వేరే చెయ్యాలి.

ఓనరుకి అంతా చెప్పేశాను. షాపు అదిరేలా అరిచాడు. "ఇంట్లోవాళ్లకని కదా ఇచ్చాను? ఆవిడ మీకేమవుతుంది?" అన్నాడు. "ఏమవుతుందో తెలీదు సార్. కాదని మాత్రం అనలేను" అన్నాను. "ఇంకెంతమంది ఉన్నారమ్మా మీకు ఇలాంటి చుట్టాలు?" అని గొణుక్కుంటూ లోపలికెళ్లి అల్యూమినియం దిమ్మ ఒకటి తెచ్చి, దాని మీద సుద్దముక్కతో 'ఫోటోగ్రాఫర్ అక్క' అని రాసి నా బల్ల మీద పెట్టాడు. అది అక్కడే ఉంది. రోజూ నన్నే చూస్తోంది.

ఈ పొట్లంలో కొత్త కొలత పట్టీ, కొత్త పెన్ను ఉన్నాయి. వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా నీ ఎడమచేతి ఫోటోలు నాకు చేరాలి. ఒక్కపూట ఆలస్యమైనా నీ ఫిట్‌నెస్ నాటికి లివర్ అందదు. అప్పుడు నేనే దిగి నీ చెయ్యి బల్లకు కట్టేసి ఫోటోలు తీసుకుంటాను. చుక్కలు ఆవిడే పెట్టాలి, ఫోటోలు ఆవిడే తియ్యాలి. బావను ఫోన్ ముట్టుకోనివ్వకు. చిటికెన వేలు అన్నివైపుల నుంచీ కనబడాలి. నీడ పడకూడదని పోయినసారి చెప్పాను. ఈసారి చివరి ఫోటో ఒక్కటి ఎండలో తియ్యమను, నీ చెయ్యి పక్కన ఆవిడ నీడ పడేలా. ప్రోగ్రాము దాన్ని పడేస్తుంది. నేను ఉంచుకుంటాను.

శుక్రవారం, అక్కా. శనివారం అంటే ఒప్పుకోను.

ఇట్లు,
కోపం ఇంకా దిగని నీ చెల్లెలు,
కందిరీగ