అమ్మ అరికాలిలో ముల్లు

ఎడ్వినూ,

నువ్వూ, "సుశీలమ్మ గట్టి మనిషి" అని పొగిడే ఈ వీధి వాళ్లూ కలిసి అమ్మను ఆస్పత్రి మొహం చూడనీకుండా చేశారు. మొన్న షుగరు చూసే నర్సమ్మ ఇంటికొస్తే, "మాయమ్మకు ఏ రోగమూ లేదు, ఈడ నీకేం పని" అని పంపించేశావంట. ఆమె ఓట్లడగడానికొచ్చిందా? రోగం ముదరకముందే పట్టుకోవాలని వచ్చిందిరా.

నిన్న అమ్మ అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంటే నేను తీశాను. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకే తెలియదు. నువ్వేమో "సూడక్కా, అమ్మకు శానా ఓర్పు" అన్నావు. అది ఓర్పు కాదు, కాలు తిమ్మిరెక్కి నొప్పి తెలియడం లేదు.

ఊళ్లో ముసలివాళ్లందరినీ రేపు ఆటో ఎక్కించి పులివెందుల షుగరు క్యాంపుకు తీసుకుపోతున్నా. నా మాట వినంది మన అమ్మొక్కతే. కొడుకు చెబితేనే కదులుతుంది, అదే నా కడుపుమంట.

రేపు పొద్దున అమ్మకు సంగటి పెట్టొద్దు. పరగడుపునే బండి మీద క్యాంపుకు తీసుకురా. రక్తం ఇచ్చాక ఆ కాలు డాక్టరుకు చూపించు.

అక్క

చెప్పులు మంచం కింద ఉన్నాయి. వద్దన్నా వేయించే తీసుకురా.