పదిహేను వందల అరటి దొప్పలు

ఓడలరేవు, మే 6

అమలాపురం యువ హరిత నిధి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్ వీరవెంకటరమణ గారికి పాపాయమ్మ నమస్కారాలు.

మీరిచ్చిన మొదటి విడత సొమ్ముతో మా ఊరి మడ సంఘం పిల్లలు ఇరవై ఇద్దరూ పదిహేను వందల మడ అడవి మొక్కలు పెంచారు. లెక్కలు చూసేది నేను; రిటైరైన లెక్కల టీచరును. ప్లాస్టిక్ నర్సరీ కవర్లకని మీరు ఆరు వేలు కేటాయించారు. పర్యావరణం పేరు చెప్పి పాయలో ప్లాస్టిక్ పారేయడానికి నా మనసొప్పలేదు. కవర్ల బదులు పదిహేను వందల అరటి దొప్పలు వాడాం. మిగిలిన ఆరు వేలకు డీడీ జతచేశాను.

రెండో విడత త్వరగా పంపండి. ఏరువాక పున్నమి పోటుకి మా ఊరి లాజరు పడవ మీద మొక్కల్ని పాయ గట్టుకు చేర్చి, చుట్టూ వల కంచె కట్టాలి. ఆ పోటు దాటితే పడవ అంత లోపలికి పోదు. పిల్లల కష్టం పెరట్లోనే ఎండిపోతుంది.

ఇట్లు,
పాపాయమ్మ

తా.క. డీడీ కమీషన్ నా సొంతం. దాని గురించి ఉత్తరం రాయనక్కర్లేదు.

అమలాపురం, మే 14

శ్రీమతి పాపాయమ్మ గారికి,

మీ ఉత్తరం అందినది. డబ్బు వెనక్కి పంపిన సంఘం ఇంతవరకు లేనందున మీ ఫైలు మూడు బల్లలు తిరిగినది. కవర్లు కొనలేదు కాబట్టి మొక్కలే పెంచలేదని మొదటి బల్ల రాసినది. దొప్పలు పదిహేను వందలు కాబట్టి కార్తీక దీపాలు వదిలారని రెండో బల్ల రాసినది. పర్యావరణ నిధిని దైవకార్యానికి వాడరాదు. మీ సంజాయిషీ వచ్చేవరకు రెండో విడత ఆపడమైనది.

భవదీయుడు,
వీరవెంకటరమణ

తా.క. నూనె, వత్తుల ఖర్చు ఏ పద్దులో చూపారో కూడా తెలపగలరు.

ఓడలరేవు, మే 19

వీరవెంకటరమణ గారికి నమస్కారం. కోపం తగ్గాక ఆశీస్సులు కూడా పంపుతాను.

వైశాఖంలో కార్తీక దీపాలు ఎవరు వదులుతారండీ? గెల కోశాక పారేసిన అరటి బోదెల పొరలు వలిచి, నీడన ఆరబెట్టి, దొప్పలుగా మడిచి ఈనెపుల్లలు గుచ్చాం. కార్తీకంలో ఏటా చేసే పనే కనుక వీధిలో ఆడవాళ్ళందరూ ఓ చెయ్యి వేశారు. దొప్పతో సహా పాతితే బురదలో కుళ్ళి అదే ఎరువవుతుంది. తనిఖీ కోసం ఒక మొక్కను బస్సు పార్సిల్లో పంపుతున్నాను.

సంఘం కార్యదర్శి నా మనవరాలు ఉషారాణి. అది నన్నేమీ అనదు. దాని స్నేహితురాలు నూకాలమ్మ మాత్రం నిన్న మొహం మీదే అనేసింది: "కవర్లు కొన్నట్టు రాసేస్తే పోయేది కదండీ మామ్మగారూ!" ఉన్నది ఉన్నట్టు రాస్తే నష్టం ఉండదని ఈ పిల్లలకు చెప్పినదాన్ని నేనే. ఇప్పుడు వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాను.

ఇట్లు,
పాపాయమ్మ

తా.క. మొక్కకు రోజూ గ్లాసెడు నీళ్ళు పొయ్యండి. మీ ఆఫీసు టీ గ్లాసు కాదు.

అమలాపురం, మే 27

పాపాయమ్మ గారికి,

పార్సిల్ అందినది. "దీపం లేని దీపపు దొప్ప ఒకటి, అందులో మొక్క ఒకటి" అని రిజిస్టరులో నమోదైనది. కానుకలు స్వీకరించరాదు కనుక తిప్పి పంపమని మూడో బల్ల రాసినది. తిప్పి పంపే ఖర్చుకు పద్దు లేదు. ఒక మొక్క మిగిలిన 1,499కి రుజువు కాదు కనుక తనిఖీకి మనిషి వస్తారు. తేదీ ముందుగా చెప్పరాదు.

భవదీయుడు,
వీరవెంకటరమణ

తా.క. మొక్క నా కిటికీలో ఉంది. ఒక ఆకు పసుపుబారింది. ఏం చెయ్యమంటారు? ఇది ఆఫీసు తరఫున అడుగుతున్నది కాదు.

అమలాపురం, జూన్ 5

అమ్మా,

రెండో విడత మంజూరైంది. మీరు పంపిన ఆరు వేలు కంచె పద్దు కింద తిరిగి వస్తున్నాయి. తనిఖీ నివేదికలో మొక్కలు 1,499, ప్లాస్టిక్ సున్నా.

తనిఖీకి వచ్చిన మనిషితో మీ మనవరాలు ఇలా అన్నదట: "డబ్బులు రాకపోతే తలో అరవై ఎనిమిది మొక్కలు నెత్తిన పెట్టుకుని బురదలో నడిచెళ్ళిపోతామండి బాబాయిగారూ. మిగిలిన మూడూ మా మామ్మ పట్టుకుంటాది, వద్దన్నా వినదు. కవర్లు కొన్నట్టు మాత్రం రాయం."

పక్కనున్న నూకాలమ్మ "ఆయ్, రాయమండి" అన్నదట.

మీ
వీరవెంకటరమణ

తా.క. నా కిటికీలో మొక్క కనబడటం లేదు. దానికోసం ఫైలు తెరవదలచుకోలేదు.

ఓడలరేవు, జూన్ 12

నాయనా వీరవెంకటరమణా,

బాకీ ఉన్న ఆశీస్సులు ముందు తీసుకోండి. నిన్న పున్నమి పోటుకి లాజరు పడవ మూడుసార్లు తిరిగింది. మూడు మొక్కలు నేనే ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. గట్టు మీద దించి లెక్కపెడితే పదిహేను వందలు. ఒకటి ఎక్కువొచ్చిందని పిల్లలు కంగారుపడ్డారు. నేను పడలేదు. దానికో పసుపు ఆకుంది.

తనిఖీ జరిగిన ఆ ఆదివారం బాటసారినని చెప్పి, మజ్జిగ తాగి, సాయంత్రం దాకా పిల్లలతో దొప్పలు మోసిన పెద్దమనిషి హాజరు పుస్తకంలో సంతకం పెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది! మీ ఉత్తరాల కింద ఉన్న మెలికే. ఆ పూటే పోల్చుకున్నాను; పని చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

పెరటి బురదలో ఒక చెప్పు దొరికింది. కడిగి పంపుతున్నాను. కానుక కాదు, మీదే.

ఆశీస్సులతో,
పాపాయమ్మ

తా.క. ఈ పథకం ఇరవై తొమ్మిదేళ్ళ లోపు వారికే. హాజరు పుస్తకంలో ఆ పెద్దమనిషిది ఇరవై మూడో పేరు; దాని పక్కన వయసు రాస్తే ఆ పేరు కొట్టెయ్యాలి. అందుకని ఖాళీగా వదిలాను. నేను పుస్తకంలో ఖాళీ వదిలిన గడి ఇదొక్కటే.